ఊరికో హైస్కూలు: అలాస్కా నేర్పే పాఠం



మనలో చాలామంది ఊళ్ళో హైస్కూలు లేకనో, ఇంట్లో చదివించే స్తోమత లేకనో ట్రంకుపెట్టె పట్టుకొని ఇక్కడికి వచ్చినవాళ్ళమే. అందుకే 'ఊరు విడిస్తేనే చదువు' అన్నది మనకు మామూలు సంగతిగా తోస్తుంది. అది మామూలు సంగతి కాదని కోర్టుకెక్కి అడిగిన పిల్లలు అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో ఉన్నారు. వారి గురించి తెలుసుకుందాం.

అలాస్కా ఎలాంటి చోటు?

అలాస్కా వైశాల్యం సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే మన దేశంలో సగానికి పైనే. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది 7,33,391 మంది. లెక్క వేస్తే రెండు చదరపు కిలోమీటర్లకు ఒక్క మనిషైనా రాడు! చాలా గ్రామాలకు రోడ్డే లేదు. చిన్న విమానంలోనో, వేసవిలో పడవ మీదో, చలికాలంలో మంచుబండి మీదో వెళ్ళాలి. ఆ గ్రామాల్లో ఎక్కువగా ఉండేది యూపిక్, ఇనుపియాక్, అథబాస్కన్ వంటి ఆదివాసీ ప్రజలు.

కేసు ఎందుకు వేశారు?

1970 దశకం మొదట్లో ఆ గ్రామాల్లో ఎనిమిదో తరగతితోనే బడి ముగిసేది. పైచదువు కావాలంటే దూరపు బోర్డింగ్ స్కూలుకు పోవాలి. కొందరిని వేల కిలోమీటర్ల దూరంలోని ఓరెగాన్, ఓక్లహోమా రాష్ట్రాలకు కూడా పంపేవారు. ఇంటి మీద బెంగతో చదువు మానేసినవారు ఎందరో.

1972లో ఆదివాసీ విద్యార్థుల తరఫున కేసు పడింది. ఎమోనాక్ గ్రామానికి చెందిన యూపిక్ బాలిక మోలీ హూచ్ పేరు జాబితాలో ముందుండడంతో అది ఆమె పేరుతోనే ప్రసిద్ధి చెందింది. 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు, 'ప్రతి ఊరిలోనూ హైస్కూలు పెట్టి తీరాలని రాజ్యాంగం చెప్పలేదు' అన్నది. అయితే వివక్ష జరిగిందన్న వాదనను మాత్రం కింది కోర్టు విచారణకు వదిలింది. ఆ విచారణ ముగియకముందే, 1976లో ప్రభుత్వం రాజీకి వచ్చింది. కోరుకున్న గ్రామంలో హైస్కూలు పెట్టడానికి ఒప్పుకుంది. ఒప్పందంలోకి వచ్చిన గ్రామాలు 126. తర్వాతి ఏళ్ళలో వందకు పైగా బళ్ళు లేచాయి.

అంతటితో కష్టాలు తీరాయా?

తీరలేదు. చిన్న బడిలో ఒకే టీచరు అనేక తరగతులకు, అనేక సబ్జెక్టులు చెప్పాలి. బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన టీచర్లు కొద్దికాలానికే వెళ్ళిపోతుంటారు. పట్టణాలకు ఆస్తిపన్ను రాబడి ఉంది. పల్లెలకు అది లేదు. అందుకే బడి భవనాల నిధుల్లో పల్లెలకు అన్యాయం జరుగుతోందని 1997లో మరో కేసు వేశారు. 1999లో కోర్టు ఆ మాట నిజమేనన్నది. 2011లో గానీ రాజీ కుదరలేదు.

ఇంకొక చిక్కు ఉంది. 1998లో వచ్చిన నిబంధన ప్రకారం పిల్లలు పదిమందికి తగ్గితే బడికి విడిగా వచ్చే నిధులు ఆగిపోతాయి. ఏటా అక్టోబరులో ఆ లెక్క తీస్తారు. ఒక్క కుటుంబం వలస పోయినా ఊరి బడికి గండమే.

మనం నేర్చుకోవలసినది

సిట్కాలోని మౌంట్ ఎడ్జ్‌కంబ్ బోర్డింగ్ స్కూలును 1947లో తెరిచి, 1983లో మూసేశారు. 1985లో రాష్ట్ర ప్రభుత్వమే మళ్ళీ తెరిచింది. నేటికీ పల్లె పిల్లలు దరఖాస్తు పెట్టుకొని మరీ అందులో చేరుతున్నారు. కాబట్టి తప్పు హాస్టల్‌ది కాదు. వేరే దారి లేకుండా చేయడమే తప్పు. ఇష్టపడి వచ్చినవాడికి హాస్టల్ నిచ్చెన. గత్యంతరం లేక వచ్చినవాడికి అది ఇంటికి దూరం చేసే గోడ.

మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం దగ్గరి బడిని 6 నుంచి 14 ఏళ్ళ వారికే, ఎనిమిదో తరగతి వరకే హామీ ఇచ్చింది. మోలీ హూచ్ ప్రశ్న మొదలైంది సరిగ్గా అక్కడే!

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఒక పని చేయండి. ఎనిమిది తర్వాత ఎవరు బడి మానేశారో, ఎందుకు మానేశారో కాగితం మీద రాయండి. అందులో ఆడపిల్లలెందరో విడిగా లెక్కించండి. ఆ కాగితం తల్లిదండ్రుల కమిటీ ముందు పెట్టండి. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. మీ ఊళ్ళో మొదటి డిగ్రీ మీదైతే సంతోషమే. కానీ అదే చివరిది కాకూడదు.