పట్టిక అంటే గీతలు కాదు

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా కళాశాల సంచికకు బహుమతుల జాబితా కూర్చే పని నాకు పడింది. పేరు, తరగతి, పోటీ, స్థానం - ఇంతే కదా అనుకున్నాను. స్పేస్‌బార్ నొక్కి నొక్కి, తెర మీద నాలుగు వరసలూ తిన్నగా నిలిచేదాకా సర్దాను. ప్రెస్సుకు వెళ్లాక ఫాంటు మారింది. వక్తృత్వంలో నెగ్గిన అమ్మాయి వరుస పొడుగై, చివరి మాట "ప్రథమ" కింది లైనుకు జారింది. ప్రూఫు దిద్దుతూ నేనే దాన్ని కింది పేరు పక్కకు చేర్చేశాను! సంచిక పంచిన రోజున ఆ అమ్మాయి కోప్పడలేదు. "అన్నయ్యా, మా నాన్నగారికి ఏ పేజీ చూపించమంటారు?" అని మాత్రం అడిగింది. జవాబు చెప్పలేకపోయాను.

ఆ తప్పు ఫాంటుది కాదు, నాది. ఖాళీ జాగాతో కట్టిన వరస కంటికే వరస. యంత్రానికి అది ఒట్టి వాక్యం. పట్టికలో అలా కాదు. ప్రతి విషయానికీ సొంత గడి ఉంటుంది. పేరు పెద్దదైతే ఆ అడ్డువరస ఎత్తు పెరుగుతుందే గాని, పక్క గడిలోది కదలదు.

ఇన్‌డిజైన్‌లో 2002 నాటి రెండవ వెర్షను నుంచి పట్టికలున్నాయి. విషయాల మధ్య ఒక్కొక్క ట్యాబ్ మాత్రమే కొట్టి, అంతా ఎంచుకుని, "కన్వర్ట్ టెక్స్ట్ టు టేబుల్" అనండి. మొదటి వరసను హెడర్‌గా మార్చితే, జాబితా ఎన్ని పేజీలు సాగినా శీర్షిక తనంతట తానే పైన వస్తుంది.

జాబితాలకే కాదు, పాఠ్యగ్రంథంలో "గమనిక", "హెచ్చరిక" వంటి భాగాలకూ ఇది పనికొస్తుంది. ఒక వరస, రెండు గడులు: ఎడమన గుర్తు, కుడిన మాట. దానికొక టేబుల్ స్టైలు పెట్టుకుంటే (ఈ సౌకర్యం 2007లో వచ్చింది), రంగో గీతో ఒక్కచోట మార్చితే పుస్తకమంతా మారుతుంది.

అయితే అతి పనికిరాదు. గడి ఎత్తు బిగించి, పట్టనంత రాస్తే మిగిలింది అచ్చులోకి రాదు. గడి మూలన చిన్న ఎర్రచుక్క కనిపిస్తుంది. ప్రూఫులో మొదట వెతకవలసింది ఆ చుక్కనే. వ్యాసాన్ని రెండు కాలమ్‌లుగా వేయడానికి పట్టిక వాడకండి; దానికి కాలమ్‌లు వేరే ఉన్నాయి.

ఈసారి జాబితా కూర్చే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మాట ఒక్కటే: ఏ పేరుకు ఏ స్థానమో గడిలో కట్టెయ్యండి. ఆ పేజీ కోసం ఎవరింట్లోనో ఎదురుచూస్తుంటారు.