వరద సహాయము - దానికి కావలసిన కాగితములు

కృష్ణా డెల్టా రైతునకు వరద క్రొత్తది కాదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను చూచినవారు ఇంకను మనలో నున్నారు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహము, 2024 సెప్టెంబరు 2వ తేదీన 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు పెరిగినది. ఈ పాఠమునందు నీటిని గూర్చి గాక, నీరు తీసిన పిమ్మట ప్రభుత్వమువా రిచ్చు సహాయము రైతు చేతికి వచ్చు మార్గమును గూర్చి తెలుపుదును. సహాయము మంజూరగుటకును చేతి కందుటకును నడుమ చాల దూరము కలదు. ఆ దూరములోనే పెక్కుమంది చిక్కుకొనుచున్నారు.

ముందుగా 2024 సంవత్సరమున విజయవాడలో జరిగినది చూడుడు. బుడమేరు మళ్లింపు కాలువకు మూడుచోట్ల గండ్లు పడి, సింగ్‌నగరు మొదలైన పేటలు దినములతరబడి నీటిలో నుండెను. సైన్యము తోడ్పడగా సెప్టెంబరు 7వ తేదీకి గండ్లు పూడినవి. ప్రభుత్వమువారు నేల అంతస్తు ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తు ఇంటికి 10,000 రూపాయలు ప్రకటించి, ఉద్యోగులను ఇంటింటికి పంపి లెక్క వ్రాయించిరి. సెప్టెంబరు 25వ తేదీన సుమారు 4 లక్షలమంది ఖాతాలకు 602 కోట్ల రూపాయలు విడుదల చేసిరి. వరద వచ్చిన నెల గడవకమునుపే ఇంత సొమ్ము పంచుట మెచ్చదగిన పని. బాధితుడు దరఖాస్తు పట్టుకొని తిరుగుటకంటె ఉద్యోగియే గడపకు వచ్చుట మేలైన పద్ధతి. అయినను, లెక్క వ్రాయు దినమున తాళము వేసియున్న ఇంటివాడును, అద్దెకుండి వేరొక ఊరి చిరునామాతో కార్డు గలవాడును జాబితాలో తమ పేరు కానక మరల దరఖాస్తు పెట్టుకొనవలసి వచ్చెను. ఇల్లు మునిగినందుననే కదా వాడు తాళము వేసి పోయినది!

పొలము సంగతి ఇంతకంటె చిక్కైనది. 2022-23 మొదలు 2025-26 వరకు వర్తించునట్లు కేంద్రప్రభుత్వ మేర్పరచిన ప్రమాణముల ప్రకారము, పంట 33 శాతమునకు తక్కువ కాకుండ నష్టమైననే సహాయమునకు అర్హత. నీటివసతి గల భూమికి హెక్టారునకు 17,000 రూపాయలు, రైతునకు రెండు హెక్టారులు పరిమితి. 2024 వరదకు మన రాష్ట్రప్రభుత్వమువారు వరికి దీనిని 25,000 రూపాయలు చేసిరి. అనగా ఎకరమునకు ఇంచుమించు 10,000 రూపాయలు. ఈ సొమ్మునకు ఆధారము ఈ-పంట నమోదు. సార్వా పంట నమోదు సెప్టెంబరు నెలలో కూడ సాగుచుండును. ఆ యేడు వరద ఆ నెల మొదటి తేదీననే వచ్చినది. ఊడ్పు ముగిసి నమోదు కాని చేను మునిగినచో, అందు వరి యుండెననుటకు రైతు నోటిమాటయే మిగులును. కావున ఊడ్పు ముగిసిన వారములోనే రైతు సేవా కేంద్రమునకు పోయి సర్వే నంబరు, విస్తీర్ణము సరిగా వ్రాయించి, వేలిముద్ర వేసి రావలెను. పని తెమిలిన తరువాత చూతమనుకొనువారే మనలో ఎక్కువ.

ఇక కౌలుదారుని మాట. డెల్టాలో భూమి ఒకరిది, సేద్యము మరియొకరిదిగా నున్న చేలు కొల్లలు. నాలుగెకరములు కౌలునకు చేయువాని ఊడ్పు మునిగినదనుకొందము. విత్తనము వానిది, ఎరువు వానిది, అప్పు వానిది. నమోదు భూస్వామి పేర నున్నచో, పై లెక్కన రావలసిన 40,000 రూపాయలు భూస్వామి ఖాతాలో పడును. దానిని పిలిచి యిచ్చు ధర్మాత్ములు కలరు. అందరును అట్టివారు కారు. 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టము దీనికొరకే వచ్చినది. పదునొకండు నెలల ఒడంబడిక వ్రాసికొని, భూస్వామి చేవ్రాలుతో కౌలుదారు కార్డు పొందవచ్చును. అయితే ఆ చేవ్రాలే దొరకదు. సంతకము పెట్టినచో భూమి చేయి జారునని భూస్వామి భయము. ఆ భయమునకు తావు లేదని పట్టాదారులైన సభ్యులకు స్పష్టముగా చెప్పుచున్నాను. ఆ కార్డు పంటపై హక్కునిచ్చునే గాని భూమిపై నెట్టి హక్కును ఇయ్యదు. గడువు తీరినంతనే అది చెల్లదు. చేవ్రాలు పెట్టని భూస్వామి తన భూమిని కాపాడుకొనుట లేదు, తన కౌలుదారుని అప్పులవాని పాలు చేయుచున్నాడు. కౌలు నిలిచిపోయిన యేడు ఆ నష్టము తనకును తగులును.

మరణించిన తండ్రి పేరనే పట్టా యుంచుకొని అన్నదమ్ములు వాటాలుగా దున్నుకొనుట మనకు పరిపాటి. ఇట్టి చిక్కు మన దేశమునకే పరిమితము కాదు. అమెరికా దేశమున తరతరములుగా వచ్చిన ఇండ్లకు దస్తావేజు చూపలేక తుపాను బాధితులు సహాయము పోగొట్టుకొనుచుండిరి. 2021 సంవత్సరమున అచ్చటి విపత్తు సహాయ సంస్థ యగు ఫీమా తన నిబంధన సడలించి, మరి యే కాగితమును లేనిచోట బాధితుడు స్వయముగా వ్రాసియిచ్చు ధ్రువీకరణను అంగీకరింప మొదలిడెను. మన ప్రభుత్వమువారును ఇట్లు చేయవచ్చును. ఇరుగుపొరుగు రైతుల సాక్ష్యముతో, గ్రామసభ ఎదుట చదివి ఒప్పించిన వాఙ్మూలమును ఏల అంగీకరింపరాదు? దొంగ దరఖాస్తులు వచ్చునందురేమో. ఎవని చేను ఎవడు దున్నునో ఊరి కంతకు తెలిసియుండగా, ఊరివారి యెదుట అబద్ధమాడుట కచ్చేరీలో అబద్ధమాడుటకంటె కష్టము.

పశువుల విషయము క్లుప్తముగా చెప్పుదును. పై ప్రమాణములలో పాడిగేదెకు 37,500 రూపాయలు కలవు. చచ్చిన పశువును పశువైద్యునికి చూపి ధ్రువపత్రము పొందవలెను. కొట్టుకొనిపోయిన గేదెను ఎవరు చూపగలరు? పన్నెండంకెల చెవిబిళ్ల సంఖ్యను ఇప్పుడే వ్రాసి యుంచుకొనుడు.

బ్యాంకు ఖాతాల తిరకాసు మరియొకటి. ఆధారు ద్వారా వచ్చు సొమ్ము, మీరు దరఖాస్తులో వ్రాసిన ఖాతాకు గాక, ఆధారునకు కడపట జతపరచిన ఖాతాకు పోవును. ఎన్నడో తెరచి మరచిన ఖాతా యైనను సరే. విజయవాడలో సయితము ఖాతా వివరములు సరిపోక కొందరి సొమ్ము నిలిచిపోయినది. ఏ ఖాతా జతయైనదో బ్యాంకులో అడిగి తెలిసికొనుట పది నిమిషముల పని.

మన సహకార పరపతి సంఘములు ఇందు చేయగలిగినది చాల కలదు. పంట అప్పుల పుస్తకములో ఎవడు ఏ సర్వే నంబరులో ఎన్ని యెకరములు సాగుచేయుచున్నాడో వ్రాసియే యున్నది. కౌలుదారునకు కార్డు లేనిచోట ఈ పుస్తకమును సాక్ష్యముగా గ్రహింపవలెనని ప్రతి సంఘమును సర్వసభ్య సమావేశములో తీర్మానించి జిల్లా కలెక్టరుగారికి పంపవలెను. అంతవరకు, సార్వా ఊడ్పులు ముగియగనే ప్రతి సభ్యునికి ఒక్కొక్క కాగితము తెరచి, పేరు, సర్వే నంబరు, సాగు విస్తీర్ణము, ఈ-పంట రసీదు, కార్డు సంఖ్య, ఆధారుతో జతయైన బ్యాంకు, పశువుల చెవిబిళ్ల సంఖ్యలు అందు వ్రాసి, ఒక ప్రతి సభ్యునికిచ్చి, ఒక ప్రతి సంఘపు పెట్టెలో ఎత్తున పెట్టవలెను. నష్టపు జాబితా సచివాలయము గోడకు అంటించిన దినముననే కార్యదర్శి దానిని నకలు తెచ్చి, అక్షరములు రాని సభ్యులు వినునట్లు సంఘపు అరుగుమీద సాయంకాలము చదువవలెను. ఆక్షేపణకు ఇచ్చు గడువు కొలది దినములే. పేరు లేని సభ్యుని కాగితము పెట్టెనుండి తీసి, మరునాటి యుదయమే వానిని వెంట తీసికొని సచివాలయమునకు పోవలెను.