సిమెంటు పడవ ఎలా తేలుతుంది?



కోడూరు, హంసలదీవి ప్రాంతాల వాళ్ళం కాబట్టి పడవ మనకు కొత్త కాదు. చెక్క పడవలు, ఫైబర్ పడవలు రోజూ చూస్తుంటాం. వీటితోపాటు సిమెంటు పడవ కూడా ఉందని మీలో ఎంతమందికి తెలుసు? దీనినే ఫెర్రో సిమెంట్ పడవ అంటారు. 'ఫెర్రో' అంటే ఇనుము.

1848లో ఫ్రాన్స్ దేశస్థుడు లాంబో ఇనుప తీగల అల్లికకు సిమెంటు పూసి చిన్న పడవ తయారుచేశాడు. 1855లో పారిస్ ప్రదర్శనలో దాన్ని చూపించాడు. తరువాత 1940లలో ఇటలీ ఇంజనీరు నెర్వి ఇదే పద్ధతిలో 165 టన్నుల ఓడ కట్టాడు. దాని గోడ మందం సుమారు 35 మిల్లీమీటర్లే!

ఎందుకు మునగదు?

25 మి.మీ. మందం గల పలకలతో, మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉండి పైన మూతలేని పెట్టె చేశామనుకోండి. దాని బరువు దాదాపు 300 కిలోలు. అది పూర్తిగా మునగాలంటే 1000 కిలోల నీటిని పక్కకు నెట్టాలి. కానీ 30 సెంటీమీటర్లు దిగేసరికే 300 కిలోల నీరు తొలగిపోతుంది, పెట్టె తేలుతుంది. పదవ తరగతిలోపే మనం చదివే ఆర్కిమెడిస్ సూత్రం ఇదే. అదే సిమెంటును ముద్దగా వేస్తే మునుగుతుంది. తేల్చేది ఆకారం.

ఎలా కడతారు?

ముందుగా సన్నని కడ్డీలతో పడవ ఆకారం నిలబెడతారు. లోపల, బయట చికెన్ మెష్ పొరలు పొరలుగా చుట్టి, బైండింగ్ వైరుతో బిగించి కడతారు. వదులుగా ఉంటే అక్కడ సిమెంటు మందమై, పడవ బరువెక్కుతుంది. ఒక వంతు సిమెంటుకు సుమారు రెండు వంతుల సన్న ఇసుక, తక్కువ నీళ్ళు కలిపి ఆ మాలును వలలోకి గట్టిగా ఎక్కిస్తారు. పూత వీలైనంతవరకు ఒకే విడతలో ముగించాలి. నిన్నటి పూతకు నేటి పూత సరిగా అతకదు, ఆ అతుకు దగ్గరే నీరు కారుతుంది. తరువాత గోనెలు కప్పి వారాల తరబడి తడుపుతారు.

అమరికలు

తెరచాప కొయ్య బరువంతా ఒక్కచోటే పడకుండా, దాని మొదలును పడవ అడుగున ఉండే వెన్నుదూలం మీద నిలబెడతారు. కొయ్యను పట్టి ఉంచే తాళ్ళు, చుక్కాని, లంగరు తాడు బిగించే చోట్ల అదనపు కడ్డీలు వేస్తారు. బోల్టుల రంధ్రాలకు పూతకు ముందే చెక్క మేకులు పెడతారు. గట్టిపడ్డాక తొలిస్తే వల తెగుతుంది. ఇత్తడి, కంచు సామాను లోపలి ఇనుముకు తగలకూడదు. రెండు లోహాలు, ఉప్పునీరు కలిస్తే అది బ్యాటరీలా పనిచేసి ఇనుమును తినేస్తుంది.

మనకెందుకీ పాఠం?

సముద్రపు ఇసుక, ఉప్పునీరు వాడితే ఉప్పు లోపలి కడ్డీని తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి సిమెంటును పగలగొడుతుంది. ఇది పడవకే కాదు, ఇంటి శ్లాబుకూ వర్తిస్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్న సీమ మనది. తుఫాను రాత్రి తలదాచుకునే కప్పులో ఉప్పు ఉండకూడదు.

మా నాన్నగారు తాపీ పని చేస్తారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఈ పడవ గురించి చదివాక నాకు అర్థమైందొకటే. ఇందులో ముఖ్యమైన పనులు కడ్డీ కట్టేవాడివి, పూత పూసేవాడివి. లెక్క ఎంత బాగున్నా ఆ చేతులు సరిగా చేయకపోతే పడవ నిలవదు. మీ అమ్మానాన్నలు కూలికో, తాపీకో వెళుతుంటే ఫారంలో వృత్తి దగ్గర రాయడానికి సిగ్గుపడకండి.

ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు, మీ ఊళ్ళో కట్టుబడి జరిగేచోట ఆగి మూడు ప్రశ్నలు అడగండి. ఇసుక ఎక్కడిది? నీళ్ళు ఎక్కడివి? ఎన్ని రోజులు తడుపుతారు?