నిచ్చెన ఎక్కే ముందు చెప్పుల అడుగు చూద్దాం

వైద్య సహాయం కోరుతూ మా సంఘానికి వచ్చే దరఖాస్తులు చదివేటప్పుడు ఒక వాక్యం మళ్లీ మళ్లీ మా కంటపడుతుంది: "పని చేస్తూ నిచ్చెన మీది నుంచి జారిపడ్డారు." రంగులు వేసేవారు, కరెంటు పనివారు, తాపీ పనివారు, షామియానాలు కట్టేవారు, దుకాణాల్లో అటక మీది సరుకు దించేవారు... మన బస్తీల్లో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగేది నిచ్చెన ఎక్కి దిగే మనిషి రెక్కల కష్టం మీదే. ఆ మనిషి మూడు నెలలు మంచాన పడితే ఇంటి అద్దె, పిల్లల ఫీజు, చీటీ డబ్బు అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. సంఘం ఇచ్చే సాయం ఆసుపత్రి ఖర్చులో కొంత తీరుస్తుందేమో గాని, విరిగిన ఎముకను ముందున్నట్టు చేయలేదు. అందుకే ఈసారి సంచికలో, సాయం అడిగే అవసరమే రాకుండా కాపాడే ఒక చిన్న అలవాటు గురించి రాస్తున్నాం. అది చెప్పుల అడుగును శుభ్రంగా ఉంచుకోవడం.

తప్పు నిచ్చెనది కాదు

ఒకసారి కమిటీ సభ్యులం కొందరం ఒక పెయింటరు సోదరుణ్ణి పరామర్శించడానికి వెళ్లాం. ముప్పై ఏళ్లుగా అదే పని. ఎత్తయిన భవనాల మీద పరంజాలు ఎక్కిన మనిషి. పడింది మాత్రం ఒక ఇంటి హాల్లో, ఆరో మెట్టు మీది నుంచి. మడమ ఎముక చిట్లింది. నిచ్చెన కొత్తది. కింద కుర్రాడు పట్టుకునే ఉన్నాడు. మరి ఎలా జారిందని అడిగితే, ఆయన మంచం కింది నుంచి చెప్పులు తీయించి తిరగేసి చూపించారు. పుట్టీ పొడి మీద డిస్టెంపరు పడి గట్టిపడి, అడుగున ఉన్న గాడులన్నీ పూడిపోయాయి. పలకలా నున్నగా ఉంది. "ఇన్నేళ్లూ నిచ్చెననే చూసుకున్నాను భాయ్. చెప్పుల్ని ఒక్కనాడూ తిరగేసి చూడలేదు" అన్నారాయన.

కాలు ఎందుకు జారుతుంది?

నేల మీద నడిచేటప్పుడు పాదమంతా ఆనుతుంది. నిచ్చెన మెట్టు మీద ఆనేది రెండు మూడు వేళ్ల వెడల్పు మాత్రమే. ఒంటి బరువంతా ఆ కాస్త జాగా మీదే నిలవాలి. నేల మీద కాలు జారితే ఇంకో అడుగు వేసి నిలదొక్కుకుంటాం. నిచ్చెన మీద ఆ రెండో అడుగుకు చోటు లేదు.

చెప్పు అడుగున గాడులు అందం కోసం పెట్టినవి కావు. నీరు, బురద వాటిలోకి తప్పుకుంటేనే రబ్బరు మెట్టును నేరుగా పట్టుకుంటుంది. గాడులు పూడిపోతే తడి రెంటి మధ్యా పొరలా నిలుస్తుంది. అరిగిన టైరుతో వానలో బండి జారేది ఈ కారణంగానే. నూనె, గ్రీజు అయితే ఇక చెప్పనక్కర్లేదు. తడి లేకపోయినా ప్రమాదమే: సున్నం పొడి, పుట్టీ పొడి, రంపపు పొట్టు కాలి కింద ఆవగింజల్లా దొర్లుతాయి.

ఇంకొక సంగతి. చెప్పుకు అంటిన మురికి చెప్పుతోనే ఉండిపోదు, మెట్లకు అంటుకుంటుంది. ముందు ఎక్కినవారు క్షేమంగా దిగిపోవచ్చు, వెనుక ఎక్కినవారు పడవచ్చు. కాబట్టి చెప్పులు తుడుచుకోవడం మన కోసమే కాదు, తోటివారి కోసం కూడా.

ఏ మురికిని ఎలా తీయాలి?

బురద: నల్లరేగడి నేలల్లో వానపడితే చెప్పుకు అరంగుళం మందాన మట్టి అంటుకుంటుంది. నేలకేసి కొడితే పై మట్టి రాలుతుంది, గాడుల్లోది రాలదు. పుల్లతో గీకి, కొబ్బరిపీచుతోనో పాత బ్రష్షుతోనో రుద్ది, తడి లేకుండా గుడ్డతో తుడవాలి.

సిమెంటు, పుట్టీ, సున్నం: తడిగా ఉండగానే కడిగేయాలి. ఎండితే రాయిలా పట్టేస్తుంది. గీకినా రాకపోతే ఆ జత నిచ్చెన పనికి పనికిరాదు.

నూనె, గ్రీజు: ఒట్టి నీళ్లతో పోవు. బట్టల సబ్బు పొడి వేసి రుద్ది, సబ్బు జిగురు మిగలకుండా కడిగి, ఆరబెట్టాలి. కిరోసిన్, పెట్రోలు వాడవద్దు. అవి రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి.

రంగు: చుక్క పడిన వెంటనే గుడ్డతో తుడిచేయడమే మేలు.

వీటన్నిటికంటే సులువైన ఉపాయం, నిచ్చెన కింద ఒక పొడి గోనెపట్టా. అయితే నిచ్చెన కాళ్లు దాని మీద పెట్టకూడదు, నిచ్చెనే జారుతుంది. పట్టా ముందు ఉండాలి. దాని మీద రెండు కాళ్లూ తుడుచుకుని తొలి మెట్టు ఎక్కాలి. పని మధ్యలో దిగి మళ్లీ ఎక్కినా సరే, ప్రతిసారీ తుడుచుకోవాలి.

ఏ చెప్పులు వేసుకోవాలి?

హవాయి చెప్పులు నిచ్చెనకు తగినవి కావు. మడమ దగ్గర పట్టు ఉండదు, పట్టీ ఎప్పుడు ఊడుతుందో తెలియదు. పాదాన్ని అంతా పట్టి ఉంచే, అడుగున గాడులున్న బూట్లు మంచివి. లేసులు గట్టిగా కట్టుకోవాలి. బొటనవేలితో అడుగును తడిమితే గాడులు తగలకపోతే ఆ జతను మార్చేయాలి. కొత్త జత ఖరీదు ఎక్కువనిపిస్తే, పని పోగొట్టుకున్న రోజుల కూలీతో పోల్చి చూసుకుందాం.

చెప్పులు విప్పేసి ఎక్కితే పట్టు బాగుంటుందని కొందరు అంటారు. కానీ ఉత్తకాలికి మెట్టు కోసుకుంటుంది, మేకు గుచ్చుకుంటుంది, చెమట పడితే అదీ జారుతుంది. ముఖ్యంగా మన మస్జిదుల్లో జరిగేది ఒకటి చెప్పాలి. వుజూ చేసుకుని వచ్చినవారిని "ఆ ట్యూబులైటు కాస్త చూడండి" అంటాం. వారు తడి కాళ్లతోనే నిచ్చెన ఎక్కేస్తారు. జమాఅతుకు వేళయిందని తొందర కూడా. తడి కాళ్లతో, తొందరలో నిచ్చెన ఎక్కవద్దు. పైగా అది కరెంటు పని, తడి అసలే కూడదు. లైటు రేపు బాగుచేసుకోవచ్చు.

ఎక్కేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి

1. గోడకు ఆనించే నిచ్చెన నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు దూరం ఉండాలి. 12 అడుగుల ఎత్తున ఆనితే పాదం గోడకు 3 అడుగుల దూరాన ఉండాలి.
2. నిచ్చెన కాళ్ల రబ్బరు తొడుగులను కూడా తుడవాలి. అరిగితే మార్చాలి.
3. రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు నిచ్చెనను పట్టే ఉండాలి. సామాను చేత్తో మోయకుండా తాడుతో పైకి లాక్కోవాలి.
4. దిగేటప్పుడు మరింత జాగ్రత్త. అప్పుడు మెట్టు కంటికి కనబడదు, ఒళ్లు అలసి ఉంటుంది.
5. కరెంటు తీగల దగ్గర అల్యూమినియం నిచ్చెన వాడవద్దు.

ఎవరైనా పడితే చేతులు పట్టి లేపి కూర్చోబెట్టవద్దు. మెడ, వెన్ను కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి.

మా విన్నపం

"అల్లాహ్ దయ వల్ల ఇన్నాళ్లూ ఏమీ కాలేదు" అంటారు కొందరు సోదరులు. నిజమే. కాని ఒంటెను ముందు కట్టి, ఆ తరువాత అల్లాహ్ పై భారం వేయమని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి మనందరికీ తెలిసిందే. చెప్పులు తుడుచుకోవడం మన వంతు ఒంటెను కట్టడమే.

రంజాన్‌కు ముందు మస్జిదులకు సున్నాలు వేయించే, మీనార్లకు బల్బుల తోరణాలు కట్టించే కమిటీ పెద్దలు నిచ్చెన పక్కనే ఒక గోనెపట్టా, ఒక బ్రష్షు ఉంచాలని కోరుతున్నాం. ఇంట్లో పని చేయించుకునేవారు "త్వరగా కానివ్వు" అనే ముందు "కాళ్లు తుడుచుకో భాయ్" అనడం అలవాటు చేసుకోవాలి. నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టంతో రాష్ట్రాల్లో సంక్షేమ బోర్డులు ఏర్పడ్డాయి. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవారు పేరు నమోదు చేయించుకోవచ్చు. పెయింటర్లు, ఎలక్ట్రీషియన్లు కూడా ఇందులోకి వస్తారు. ఇంకా చేయించుకోనివారు ఆలస్యం చేయవద్దు.

చెప్పులు తుడుచుకోవడానికి అర నిమిషం చాలు. పొద్దున పనికి వెళ్లిన ప్రతి సోదరుడూ సాయంత్రం తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికి చేరాలని దుఆ చేస్తున్నాం. ఆమీన్.