మొక్కలకు గాలి భోజనం

మొక్కకు నీళ్ళు కావాలి. ఎరువు కావాలి. ఎండ కావాలి. సేద్యం చేసే ఆడవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. మొక్కకు ఇంకొకటి కూడా కావాలి. అది కంటికి కనపడదు. దాని పేరు బొగ్గుపులుసు వాయువు. దీన్నే కార్బన్ డయాక్సైడ్ అంటారు.

మనం వదిలే ఊపిరిలో ఈ వాయువు ఉంటుంది. పొయ్యి పొగలో ఉంటుంది. గోలీసోడా కొట్టగానే బుస్సున పొంగేది ఇదే.

ఆకు మొక్కకు వంటిల్లు. వేళ్ళు నీళ్ళు తెస్తాయి. ఆకులు గాలిలోంచి ఈ వాయువును తీసుకుంటాయి. ఎండ పొయ్యిలో మంట లాంటిది. మూడూ కలిస్తేనే మొక్కకు తిండి తయారవుతుంది.

గాజు ఇళ్ళలో టమాటా

యూరప్‌లో నెదర్లాండ్స్ అనే చిన్న దేశం ఉంది. అక్కడ చలి ఎక్కువ. అందుకని టమాటా, దోస వంటివి గాజు ఇళ్ళలో పెంచుతారు. వీటిని గ్రీన్‌హౌస్‌లు అంటారు. వెస్ట్‌లాండ్ అనే ప్రాంతంలో ఎటు చూసినా ఇవే.

చలికి గాజు ఇంటి కిటికీలు మూసేస్తారు. లోపల ఉన్న వాయువును మొక్కలు వాడేసుకుంటాయి. కొత్త గాలి రాదు. ఇక ఎండ ఉన్నా, నీళ్ళు ఉన్నా మొక్క సరిగా ఎదగదు. బియ్యం నిండుకున్నాక పొయ్యి వెలిగించి ఏం లాభం?

అందుకే అక్కడి రైతులు ఈ వాయువును మొక్కలకు అందిస్తారు. పగలు సహజవాయువును కాలుస్తారు. అందులోంచి వచ్చే పొగను గొట్టాలతో మొక్కల మధ్య వదులుతారు. ఆ వేడిని నీళ్ళ ట్యాంకుల్లో దాచి, రాత్రి చలికి వాడుకుంటారు. 2005లో మరో దారి దొరికింది. రోటర్‌డామ్ దగ్గరి చమురు శుద్ధి కర్మాగారం నుంచి ఈ వాయువు గాజు ఇళ్ళకు రావడం మొదలైంది. చమురు కోసం వేసిన పాత గొట్టాన్నే దీనికి వాడారు.

ఎంత పెట్టాలి?

మామూలు గాలి 10,000 పాళ్ళు ఉంటే, అందులో ఈ వాయువు సుమారు 4 పాళ్ళే. గాజు ఇంట్లో దీన్ని 8 నుంచి 10 పాళ్ళకు పెంచుతారు. అప్పుడు 100 కిలోలు కాసే చోట 120 కిలోల దాకా కాయవచ్చు. రాత్రిపూట వదిలితే దండగ. ఎండ లేనిదే ఆకులో వంట జరగదు. పొగ శుభ్రంగా లేకపోతే పూత రాలిపోతుంది.

మనిషికి ప్రమాదం

ఈ వాయువు మరీ ఎక్కువైతే మనిషి ప్రాణం తీస్తుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. గాలి కంటే బరువు. పల్లంలో నిలిచిపోతుంది. అందుకే గాజు ఇళ్ళలో దీన్ని కొలిచే మీటర్లు పెడతారు.

మన ఊళ్ళలోనూ ఈ ప్రమాదం ఉంది. పాడుబడ్డ బావిలో, ధాన్యం పాతరలో ఈ వాయువు అడుగున చేరి ఉండవచ్చు. పూడిక తీయడానికి దిగినవాడు స్పృహ తప్పి పడిపోతాడు. కాపాడబోయినవాడూ పడిపోతాడు. కొందరు దీపం దించి చూస్తారు. దీన్ని నమ్మకూడదు. దీపం ఆరకపోయినా వేరే విషవాయువులు ఉండవచ్చు. మండే వాయువు ఉంటే అంటుకుంటుంది కూడా.

ఎవరైనా లోపల పడిపోతే వెంట దిగకండి. వెంటనే 101కి ఫోన్ చేసి ఫైరింజన్ వాళ్ళను పిలవండి.

ఆలోచించండి

1. ఈ వాయువును రాత్రి వదిలితే ఎందుకు దండగ?
2. మీ ఊళ్ళో పాడుబడ్డ బావులు ఎన్ని? వాటికి మూత ఉందా?
3. బావిలో దిగబోయే మీ ఇంటివాళ్ళకు ఏం చెబుతారు?