గాలిపటం, కెమెరా, గ్రామ పటం: సామూహిక పటాల తయారీకి తొలి మెట్లు

ఉపోద్ఘాతం

రైతులు నేలపై ముగ్గుతో గీసే వనరుల పటం విస్తరణ శాస్త్రవేత్తలకు చిరపరిచితం. ఏ వాగు పూడిపోయిందో, ఏ పొలానికి నీరు అందడం లేదో అందులో తెలుస్తుంది. కాని దానికి కొలత లేనందున అధికారుల ముందు సాక్ష్యంగా నిలవదు. ఉపగ్రహ చిత్రానికి కొలత ఉంది. అయితే సెంటినెల్-2 చిత్రంలో ఒక్కొక్క పిక్సెల్ 10 మీటర్ల నేలకు సమానం కనుక, చెరువులోకి నీరు తెచ్చే రెండు మీటర్ల కాలువ అందులో కానరాదు. గాలిపటానికి కట్టిన కెమెరా ఈ లోటును తీర్చగలదు.

పూర్వరంగం

1906లో భూకంపానికి గురైన శాన్‌ఫ్రాన్సిస్కో నగరాన్ని జార్జ్ లారెన్స్ గాలిపటాల సాయంతోనే చిత్రించారు. 2010లో మెక్సికో సింధుశాఖలో చమురు ఒలికినప్పుడు, లూసియానా తీరంలో స్వచ్ఛంద కార్యకర్తలు బెలూన్లకు, గాలిపటాలకు సాధారణ కెమెరాలు కట్టి తీరాన్ని పటంగా కూర్చారు. నష్టపోయిన ప్రజలే నష్టాన్ని నమోదు చేయడం ఆ ప్రయత్నంలోని విశేషం.

సామగ్రి

1. స్థిరంగా ఎగిరే పెద్ద గాలిపటం. గాలి నిలకడగా వీచే రోజులకు ఇది అనువైనది. గాలి లేని రోజులకు హీలియం బెలూను వాడాలి. ఒక ఘనపు మీటరు హీలియం సుమారు ఒక కిలో బరువును లేపుతుంది. హైడ్రోజన్ మండే వాయువు కనుక వాడరాదు.
2. గట్టి నైలాన్ తాడు, దానిని చుట్టే కండె, చేతి తొడుగులు.
3. నిర్ణీత వ్యవధిలో తనంతట తానే ఫొటో తీసే తేలికైన కెమెరా. దాని రక్షణకు కోసిన ప్లాస్టిక్ సీసా చాలు.

విధానం

ముందుగా రైతులతో సమావేశమై పటం దేనికి కావాలో నిర్ణయించాలి. చౌడు విస్తరణకా, కాలువ పూడికకా, పంట ముంపుకా అన్నదానిని బట్టి ఎత్తు, సమయం మారుతాయి.

పొలం అంచులలో కనీసం ఆరుచోట్ల మీటరు పొడవు గల సున్నపు గుర్తులు వేసి, వాటి అక్షాంశ రేఖాంశాలను ఫోనులో నమోదు చేయాలి. ఫోను జి.పి.ఎస్.లో కొన్ని మీటర్ల తేడా సహజం. కావున గుర్తుల నడుమ దూరాన్ని టేపుతో కూడా కొలవాలి.

కెమెరాను గాలిపటానికి కాక, దానికి 15-20 మీటర్ల దిగువన తాడుకు కట్టినచో ఊపు తగ్గుతుంది. కెమెరా వరకు 140 మీటర్ల తాడు, నేలతో 45 డిగ్రీల కోణం ఉన్నప్పుడు దాని ఎత్తు సుమారు 100 మీటర్లు. ఆ ఎత్తు నుండి సాధారణ కెమెరా ఒక చిత్రంలో దాదాపు మూడు ఎకరాలను బంధిస్తుంది. చిత్రం వెడల్పు 4000 పిక్సెళ్లయితే ఒక్కొక్కటి సుమారు 3 సెంటీమీటర్ల నేలను చూపుతుంది. పక్కపక్క చిత్రాలలో 60 శాతం భాగం ఉమ్మడిగా ఉండేలా నెమ్మదిగా నడవాలి.

మసక చిత్రాలను తీసివేసి, మిగిలిన వాటిని క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సున్నపు గుర్తుల ఆధారంగా కూర్చవచ్చు.

జాగ్రత్తలు

విద్యుత్ తీగలు, రహదారులు, విమానాశ్రయాలు, రక్షణ స్థావరాల సమీపంలో ఎగురవేయరాదు. 2024 చివరి వరకు అమలులో ఉన్న 1934 నాటి విమాన చట్టం గాలిపటాన్ని, బెలూనును సైతం విమాన నిర్వచనంలో చేర్చింది. స్థానిక అధికారుల అనుమతి ముందే పొందాలి. గాజుపొడి పూసిన మాంజా, చైనా మాంజా నిషిద్ధాలు, వాటిని వాడరాదు.

ఇళ్లు, పెరళ్లు చిత్రంలో పడతాయి. వారి సమ్మతి తప్పనిసరి. ఈ పటం రెవెన్యూ సర్వేకు ప్రత్యామ్నాయం కాదని, దీనితో గట్టు తగాదాలు తేల్చరాదని మొదటే చెప్పాలి.

ముగింపు

చిత్రం పంట పసుపు బారిందని చూపుతుంది. ఎందుకు బారిందో చెప్పగలిగేది ఆయకట్టు చివరి రైతు. అందుచేత ముద్రించిన చిత్రాన్ని రచ్చబండ వద్ద పరిచి, తూముల పేర్లు, పూడిక పడిన సంవత్సరాలు రైతుల చేతనే రాయించాలి. స్త్రీలు, కౌలు రైతులు, పశువుల కాపరులు చూసిన తరువాతే పటం పూర్తి అయినట్లు భావించాలి. విద్యార్థులు తమ ప్రతిని విశ్వవిద్యాలయానికి తెచ్చుకోవచ్చు. మొదటి ప్రతి మాత్రం గ్రామంలోనే ఉండాలి. రేపు కాలువ మరమ్మతుకు అర్జీ పెట్టవలసినది ఆ గ్రామస్థులే.