సెల్లుతో మోటారు వేస్తున్నారా? జవాబు చూశాకే నమ్మండి

బోరు ఊరికి దూరంగా ఉంటుంది. త్రీఫేజు కరెంటు రాత్రిపూట వచ్చే చోట చీకట్లో గట్ల వెంట నడిచి వెళ్లాలి. పురుగూ పుట్రా భయం ఒకటి, తడి చేత్తో స్టార్టరు ముట్టుకుంటే షాకు భయం ఇంకొకటి. అందుకే ఇంటి నుంచే సెల్లుతో మోటారు వేసే పరికరాలను రైతులు పెట్టించుకుంటున్నారు. పుణె ఇంజినీరు సంతోష్ ఓస్త్వాల్ తయారుచేసిన 'నానో గణేశ్' వీటిలో ముందుగా పేరు తెచ్చుకున్న వాటిలో ఒకటి. తరవాత చాలా రకాలు వచ్చాయి. డబ్బు పెట్టే ముందు ఈ కింది సంగతులు చూసుకోవాలి.

ఎలా పనిచేస్తుంది?

పరికరంలో కూడా మన సెల్లులో ఉండేలాంటి సిమ్ కార్డే ఉంటుంది. దాని నంబరుకు ఫోను చేసి, చెప్పిన అంకె నొక్కాలి. ఒక్కో అంకెకు ఒక్కో రకం శబ్దం వెళుతుంది. పరికరం దాన్ని గుర్తుపట్టి స్టార్టరు కాయిలుకు కరెంటు ఇస్తుంది, లేదా తీసేస్తుంది. కొన్నిటికి మెసేజి పంపాలి, కొన్నిటికి మిస్డ్ కాల్ చాలు. కొత్తవాటికి స్మార్ట్‌ఫోనులో యాప్ ఉంటుంది.

మీకు ఏది వీలు?

యాప్‌లో ఓల్టేజి, ఆంపియర్లు కనిపిస్తాయి, మంచిదే. కానీ పొలంలో నెట్ అందకపోతే యాప్ పనిచేయదు. ఎండలో తెర సరిగా కనబడదు. తడి వేలితో, బురద వేలితో నొక్కితే ఒకటి అనుకుంటే ఒకటి పడుతుంది. బటన్ల ఫోను ఉన్నవారికి, చదువురాని పెద్దలకు, ఫోను చేస్తే తెలుగులో మాట వినిపించే రకమే మేలు. ఇంట్లో అందరూ వాడగలిగిందే కొనండి. ఆన్‌కూ ఆఫ్‌కూ ఒకే మిస్డ్ కాల్ అయితే మోటారు నడుస్తోందో ఆగిందో తెలియక తికమక పడతారు. రెంటికీ వేరువేరు గుర్తులు ఉండాలి.

జవాబే అసలు కీలకం

మీరు నొక్కింది పరికరానికి అందడం ఒకటి, మోటారు తిరగడం ఇంకొకటి, నీళ్లు పోయడం మరొకటి. 'ఆన్ అయింది' అనే మెసేజి మొదటిదాన్ని మాత్రమే చెబుతుంటే ప్రయోజనం తక్కువ. ఒక ఫేజు పోతే మిగతా రెంటి మీద భారం పడి వైండింగు కాలిపోతుంది. బోరులో నీరు అయిపోతే మోటారు ఉత్తినే తిరిగి వేడెక్కుతుంది. అప్పుడు ఆంపియర్లు తగ్గుతాయి. ఆంపియర్లు కొలిచే పరికరమైతే సంగతి పసిగట్టి మోటారును ఆపి, మీకు కబురు పంపుతుంది.

బిగించిన రోజే పరీక్ష చేయించండి. మెయిన్ ఆపించి, మెకానిక్ చేత మోటారు వైర్లు విప్పించి, మళ్లీ కరెంటు ఇచ్చి సెల్లులో ఆన్ నొక్కండి. అప్పుడూ 'మోటారు నడుస్తోంది' అని వస్తే దాని మాట నమ్మదగింది కాదు. కరెంటు పోయిన సంగతి కూడా తెలియాలంటే పరికరంలో బ్యాటరీ ఉండాలి.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

సెల్లులో ఆపాం కదా అని మోటారు మీద, వైర్ల మీద చేయి వేయకండి. మీరు బోరు దగ్గర ఉన్న సంగతి తెలియక ఇంట్లో వాళ్లు ఆన్ నొక్కవచ్చు. ముందు మెయిన్ స్విచ్ దించాలి, ఆ తరవాత ఫ్యూజులు తీసి జేబులో వేసుకోవాలి. పని ముగిసేదాకా వాటిని ఎవరికీ ఇవ్వకూడదు. ఇంట్లోని 2, 3 నంబర్లనే నమోదు చేయించి, వేరే నంబరు నుంచి వస్తే తీసుకోకుండా పెట్టించండి. ఎర్తింగు తప్పనిసరి.

ఆటో పద్ధతి వద్దు

కరెంటు రాగానే దానంతట అదే నడిచే ఆటో పద్ధతిని వాడకండి. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే 5 నుంచి 7 రెట్లు కరెంటు లాగుతుంది. అన్ని మోటార్లూ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది, పైరు ఎండేది అందరిదీ. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు మొదలయినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. అవసరం లేకున్నా నీరు తోడితే భూగర్భజలం అడుగంటుతుంది.

సిమ్ విషయంలో జాగ్రత్త

కొన్ని పరికరాలు 2జీ మీదే పనిచేస్తాయి. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ వాటిలో పనిచేయదు. మీ బోరు దగ్గర ఏ కంపెనీ సిగ్నల్ అందుతుందో అక్కడే నిలబడి చూసుకుని సిమ్ తీసుకోండి. ఇనుప పెట్టెలో బిగిస్తే యాంటెన్నా బయటికి ఉండాలి. సిమ్‌కు రీఛార్జి గడువు దాటనివ్వకండి. పైరు నీటి కోసం చూసే రోజునే ఫోను కలవకపోతే నష్టం మీదే.

ఎంత మంచి పరికరమైనా గండి పడిన కాలువను, పగిలిన పైపును చూడలేదు. నడక తగ్గించుకోండి గానీ, పొలం వైపు వెళ్లడం మాత్రం మానకండి.